ఆక్రాలో ఒక రోజు చరిత్ర యాత్ర: 1957 వరకు దివ్యం, ఆ తరువాత మౌనం

ఘనా రాజధాని ఆక్రాలో విదేశీ సందర్శకులకు నగర చరిత్రను ఒక్క రోజులో చూపించే యాత్రా సంస్థలు చాలానే ఉన్నాయి. వాటిలో ఒక చిన్న స్థానిక సంస్థ నడిపే యాత్ర గురించి ఈ సమీక్ష. సంస్థ పేరు కావాలనే రాయడం లేదు. నేను ఎత్తిచూపబోయే లోపం వారి పనితీరుకు సంబంధించినది కాదు, కథను ఎక్కడ ఆపాలన్న వారి నిర్ణయానికి సంబంధించినది. పనితీరు వరకు చూస్తే ఫిర్యాదు చేయడానికి పెద్దగా ఏమీ లేదు: వాహనం చెప్పిన వేళకు బస ముందుకు వచ్చింది, బృందం చిన్నది, గైడుకు ఊరంతా కొట్టిన పిండి, అడిగిన ప్రశ్నకు విసుగు లేకుండా జవాబు చెప్పే ఓపిక ఉంది. పశ్చిమ ఆఫ్రికాలోని వలస దేశాలన్నిటికంటే ముందు, 1957లోనే స్వతంత్రం సాధించిన దేశం ఇది. ఆ ఘట్టం వరకు ఈ యాత్ర ఎంత శ్రద్ధగా నడుస్తుందో, అక్కడి నుంచి 1992 వరకు అంత తొందరగా పరుగెడుతుంది.

యాత్ర జేమ్స్‌టౌన్‌లో, ఎరుపు తెలుపు చారల దీపస్తంభం దగ్గర మొదలవుతుంది. కొద్ది కిలోమీటర్ల సముద్రతీరంలో మూడు ఐరోపా దేశాలు మూడు కోటలు కట్టుకున్న తీరు ఇక్కడి నుంచి చక్కగా అర్థమవుతుంది. 1649లో డచ్చివారు మొదలుపెట్టిన కోట నేటి అషర్ కోట. 1673లో ఆంగ్లేయులు కట్టినది జేమ్స్ కోట. తూర్పున ఓసులో డేన్‌లు నిలిపినది క్రిస్టియన్స్‌బోర్గ్. మొదట బంగారం కోసం, తరువాత మనుషుల కోసం వచ్చిన ఈ వర్తకులు స్థానిక గా తెగ పెద్దల అనుమతితోనే కోటలు కట్టారనీ, అందుకు ప్రతిఫలం చెల్లిస్తూ వచ్చారనీ గైడు వివరించాడు. బానిస వ్యాపారాన్ని గురించి చెప్పేటప్పుడు సందర్శకుల కంట నీరు తెప్పించాలన్న తాపత్రయం అతనిలో కనబడలేదు. ఎవరు కొన్నారు, ఎవరు అమ్మారు, ఏ తుపాకులకు ఎవరు మారకం అయ్యారు అన్నది తొణక్కుండా చెప్పాడు. 1850లో డేన్‌లు తమ కోటలను బ్రిటిష్‌వారికి అమ్మి వెళ్లిపోవడం, 1872లో డచ్చివారు తప్పుకోవడం, 1877లో బ్రిటిష్‌వారు రాజధానిని కేప్ కోస్ట్ నుంచి ఆక్రాకు మార్చడం వరుసగా విన్నాక, ఈ నగరం ఇక్కడే ఎందుకు పెరిగిందన్న ప్రశ్నకు జవాబు దానంతట అదే దొరుకుతుంది.

జేమ్స్ కోటను మేము బయటి నుంచే చూశాము. 2008 వరకు అది జైలు. 1950 జనవరిలో స్వాతంత్ర్యోద్యమ నాయకుడు, తరువాత దేశపు తొలి అధ్యక్షుడైన క్వామే ఎన్‌క్రుమా పిలుపునిచ్చిన సమ్మెలు, సహాయ నిరాకరణ ఉద్యమం తరువాత ఆయనను బంధించినది ఇక్కడే. ఈ యాత్రలో గైడు అన్నిటికంటే బాగా చెప్పిన కథ ఇదే. 1951 ఫిబ్రవరి ఎన్నికలలో ఎన్‌క్రుమా జైలు గదిలో ఉండగానే ఆక్రా సెంట్రల్ నుంచి పోటీ చేశాడు. పోలైన 23,122 ఓట్లలో 22,780 ఆయనకే పడ్డాయి. ఆయన స్థాపించిన కన్వెన్షన్ పీపుల్స్ పార్టీ, ఎన్నికలు జరిగిన 38 స్థానాలలో 34 గెలుచుకుంది. గవర్నర్ ఆర్డెన్-క్లార్క్‌కు వేరే దారి లేకపోయింది. ఖైదీని విడుదల చేయించి, ప్రభుత్వ నిర్వహణలో భాగస్వామిని చేశాడు. గోడ మీది పెచ్చులు ఊడిన ఆ కోట ముందు నిలబడి ఈ అంకెలు వినడం, పుస్తకంలో చదవడం కంటే ఎంతో మేలు.

అక్కడి నుంచి ఓసు వైపు వెళ్లే దారిలో 1948 ఫిబ్రవరి 28 నాటి ఘటనను గైడు చెప్పిన పద్ధతిని కూడా మెచ్చుకోవాలి. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైన్యం తరఫున బర్మా అడవులలో పోరాడిన గోల్డ్ కోస్ట్ (వలస కాలంలో ఘనా పేరు) సైనికులు ఇంటికి తిరిగి వచ్చాక, వాగ్దానం చేసిన పెన్షన్లూ ఉద్యోగాలూ దక్కక, గవర్నరుకు అర్జీ ఇవ్వడానికి నిరాయుధంగా క్రిస్టియన్స్‌బోర్గ్ కోట వైపు నడిచారు. కూడలి దగ్గర పోలీసులు అడ్డుకున్నారు. కాల్పులకు కింది పోలీసులు వెనుకాడితే, ఆంగ్లేయ అధికారి కాలిన్ ఇమ్రే తానే తుపాకీ అందుకున్నాడు. సార్జెంట్ అజెటే, కార్పొరల్ అటిపో, ప్రైవేట్ ఒడార్టీ లాంప్టీ అక్కడికక్కడే నేలకొరిగారు. అప్పటికే దిగుమతి సరుకుల ధరల మీద నీ క్వాబెనా బోనే నాయకత్వంలో వారాల తరబడి సాగిన బహిష్కరణతో ఉడికిపోతున్న నగరం ఆ సాయంత్రమే భగ్గుమంది. అల్లర్లకు బాధ్యులంటూ ప్రభుత్వం ఎన్‌క్రుమా, జె.బి. డాంక్వా సహా ఆరుగురు నాయకులను నిర్బంధించింది. 'బిగ్ సిక్స్' పేరుతో వారి బొమ్మలు తరువాత కరెన్సీ నోట్ల మీదికీ ఎక్కాయి. ఆక్రాలోని ప్రధాన సైనిక స్థావరానికి ఇప్పటికీ బర్మా క్యాంప్ అనే పేరు ఎందుకుందో తెలియాలంటే ఈ కథ తెలియాలి. అదే యుద్ధంలో, అదే బర్మాలో, భారత సైనికులు కూడా అదే సామ్రాజ్యం కోసం పోరాడారు కనుక తెలుగు సందర్శకులకు ఇది పరాయి కథగా అనిపించదు.

మధ్యలో కెంకే అనే పులియబెట్టిన మొక్కజొన్న పిండి ముద్ద, వేయించిన చేప, షిటో కారంతో భోజనం. బాగుంది. రుసుములో అది కలిసే ఉంది. స్మారక స్థలాల ప్రవేశ టికెట్లు మాత్రం కలిసి లేవు, విదేశీయులకు వాటి ధర స్థానికుల ధర కంటే ఎక్కువ అన్న విషయం ముందే చెప్పి ఉంటే బాగుండేది.

భోజనం తరువాత హై స్ట్రీట్‌లోని క్వామే ఎన్‌క్రుమా స్మారక ఉద్యానం. వలస కాలంలో ఇది ఐరోపావారి పోలో మైదానం. 1957 మార్చి 5 అర్ధరాత్రి దాటి ఆరో తేదీ మొదలవుతున్న వేళ ఎన్‌క్రుమా ఈ స్థలం నుంచే స్వాతంత్ర్యాన్ని ప్రకటించాడు. తెల్లదొరల ఆటస్థలాన్ని ఎంచుకోవడంలోనే ఒక సందేశం ఉంది. పాలరాతి పలకలతో తాపడం చేసిన సమాధి మందిరాన్ని ఘనా వాస్తుశిల్పి డాన్ ఆర్థర్ రూపొందించాడు. తలకిందులుగా నిలిపిన ఖడ్గాల ఆకారం అకాన్ సంప్రదాయంలో శాంతికి గుర్తు అని చెబుతారు. పునరుద్ధరణ తరువాత 2023 జూలైలో తిరిగి తెరిచిన ఈ ఉద్యానం ఇప్పుడు నిజంగా చూడముచ్చటగా ఉంది. ఫౌంటెన్ల మధ్య మోకాళ్ల మీద కూర్చుని కొమ్ములూదుతున్న విగ్రహాలను దాటి సమాధి వరకు నడిచే దారి ఎవరినైనా కాసేపు నిలబెడుతుంది. మందిరంలో ఎన్‌క్రుమా పక్కనే ఆయన భార్య, ఈజిప్టు వనిత ఫాతియా సమాధి ఉంది.

అయితే యాత్రలోని లోపం నాకు స్పష్టంగా కనబడినది కూడా ఇక్కడే. ఉద్యానంలో తల లేని కంచు విగ్రహం ఒకటి, పక్కన పీఠం మీద విడిగా దాని తల ఉన్నాయి. పాత పార్లమెంటు భవనం ముందు ఉండిన ఈ విగ్రహాన్ని 1966 ఫిబ్రవరి 24 సైనిక తిరుగుబాటు సమయంలో జనం పడగొట్టారు. ఎవరో భద్రపరచిన తల 2009లో తిరిగి ప్రభుత్వానికి చేరింది. గైడు ఇంతవరకు చెప్పి, "తరువాత సైనిక పాలన వచ్చింది, 1992లో ప్రజాస్వామ్యం తిరిగి వచ్చింది" అని మమ్మల్ని ముందుకు నడిపించాడు. ఒక జాతిపిత విగ్రహాన్ని, స్వాతంత్ర్యం వచ్చి తొమ్మిదేళ్లయినా నిండకముందే, ఆ జాతి జనమే ఎందుకు కూల్చారు? ఈ ప్రశ్న వేయకుండా ఆ తలను చూపించడంలో అర్థం లేదు.

జవాబు కష్టమైనదేమీ కాదు. 1958లో వచ్చిన ముందస్తు నిర్బంధ చట్టం కింద ఎవరినైనా విచారణ లేకుండా అయిదేళ్లు జైలులో పెట్టవచ్చు. బిగ్ సిక్స్‌లో ఒకడు, 1960 అధ్యక్ష ఎన్నికలో ఎన్‌క్రుమా మీద పోటీ చేసిన డాంక్వా, 1965 ఫిబ్రవరిలో న్సావామ్ జైలులోనే మరణించాడు. 1964లో దేశాన్ని ఏకపార్టీ రాజ్యంగా మార్చే ప్రజాభిప్రాయ సేకరణలో 99.91 శాతం మంది అవునన్నారని అధికారిక లెక్క. ఆ అంకె ఒక్కటే చాలు, ఆ ఓటింగ్ ఎలా జరిగిందో ఊహించడానికి. మరోవైపు అకోసోంబో ఆనకట్ట, పాఠశాలలు, తేమా రేవు పట్టణం కూడా ఆ ప్రభుత్వమే కట్టింది. ప్రధాన ఎగుమతి అయిన కోకో ధర ప్రపంచ మార్కెట్‌లో కుప్పకూలడంతో అప్పులు మోయలేనివయ్యాయి. కల్నల్ కొటోకా, మేజర్ అఫ్రిఫా, పోలీసు అధిపతి హార్లీ కలిసి ఎన్‌క్రుమాను గద్దె దించినప్పుడు ఆయన వియత్నాం యుద్ధాన్ని ఆపే ప్రయత్నంలో హనోయికి బయలుదేరి బీజింగ్‌లో ఉన్నాడు. అలాంటి కుట్ర గురించి అమెరికా అధికారులకు ముందే సమాచారం ఉండిందని తరువాత బయటపడిన ఆ దేశపు పత్రాలే చెబుతున్నాయి. ఈ రెండు వైపులనూ వినిపించడానికి పావుగంట చాలు.

నిజానికి ఆ సమాధి మందిరమే ఈ యాత్ర దాటవేసిన కాలానికి సాక్ష్యం. ఎన్‌క్రుమాకు ఆశ్రయమిచ్చి గౌరవ సహాధ్యక్ష పదవి కూడా ఇచ్చినవాడు గినీ అధ్యక్షుడు సెకూ టూరే. 1972 ఏప్రిల్‌లో బుకారెస్ట్ ఆసుపత్రిలో ఎన్‌క్రుమా మరణించాక మొదట కొనాక్రీలో ఖననం చేశారు. ఆ ఏడాది జనవరిలోనే, ఎన్‌క్రుమాకు బద్ధ విరోధి అయిన ప్రధాని బుసియాను కూలదోసి అధికారంలోకి వచ్చిన సైనికాధికారి అచంపాంగ్, టూరేతో సంప్రదింపులు జరిపి జూలైలో భౌతికకాయాన్ని ఘనాకు రప్పించి, పుట్టిన ఊరు న్‌క్రోఫుల్‌లో సమాధి చేయించాడు. ఇరవై ఏళ్ల తరువాత, 1992 జూలై 1న, మరో సైనిక పాలకుడు జెర్రీ రాలింగ్స్ దానిని ఆక్రాకు తెప్పించి ఈ మందిరాన్ని ఆవిష్కరించాడు. అది ఎన్నికల ఏడాది, ఎన్‌క్రుమా అభిమానుల ఓట్లు అవసరమైన ఏడాది. ప్రదర్శనశాలలోని లోహపు శవపేటిక ముందు నిలబడి ఇదంతా చెప్పవచ్చు. గైడు పేటికను చూపించాడు, కథ చెప్పలేదు.

బ్లాక్ స్టార్ స్క్వేర్‌లో నడిపించిన సమయాన్ని నేను తగ్గించమంటాను. 1961లో ఎలిజబెత్ రాణి పర్యటనకు ముందు సిద్ధం చేసిన ఆ విశాలమైన కవాతు మైదానంలో కమాను, సైనికుడి విగ్రహం చూసి ఫొటోలు తీసుకోవడానికి కొద్ది నిమిషాలు సరిపోతాయి. ఎండలో నీడ లేని చోట అంతసేపు నిలబెట్టడం వృద్ధులకు కష్టం. మిగిలే సమయంలో సుప్రీంకోర్టు ముందున్న స్మారకానికి తీసుకెళ్లవచ్చు, ఉద్యానం నుంచి అది కూతవేటు దూరం. 1982 జూన్ 30 రాత్రి, రాలింగ్స్ నాయకత్వంలోని తాత్కాలిక ప్రభుత్వ హయాంలో, ముగ్గురు హైకోర్టు న్యాయమూర్తులను, ఒక విశ్రాంత సైనికాధికారిని ఇళ్ల నుంచి ఎత్తుకెళ్లి కాల్చి చంపారు. ఆ ముగ్గురిలో ఒకరు సిసీలియా కొరాంటెంగ్-అడో అనే మహిళా న్యాయమూర్తి. ఏటా ఆ రోజున ఘనా న్యాయవాదులు అమరుల దినం పాటిస్తారు. అంతకు మూడేళ్ల ముందు, 1979 జూన్‌లో, నగర శివారు తేషీలోని సైనిక ఫైరింగ్ రేంజ్‌లో అచంపాంగ్, అకుఫో, అఫ్రిఫా అనే ముగ్గురు మాజీ దేశాధినేతలను, మరి కొందరు సైనికాధికారులను రాలింగ్స్ నాయకత్వంలోని సైనిక ప్రభుత్వం కాల్చి చంపించింది. ఎన్నికలలో గెలిచిన లిమన్‌కు 1979 సెప్టెంబరులో అధికారం అప్పగించిన అదే రాలింగ్స్ 1981 డిసెంబరు 31న తిరిగి లాక్కున్నాడు. ఘనా ప్రజాస్వామ్యం ఇంత జాగ్రత్తగా నడవడానికి కారణం ఈ సంవత్సరాలలోనే ఉంది.

ట్రాఫిక్‌లో ట్రోట్రో వ్యానుల మధ్య ఇరుక్కున్నప్పుడు ఈ మౌనానికి కారణమేమిటని గైడును అడిగాను. అతని జవాబు యాత్ర మొత్తంలో నాకు అన్నిటికంటే విలువైనదిగా అనిపించింది. నేటి రెండు పెద్ద పార్టీలూ ఆ కాలంలోనే వేళ్లూనుకున్నాయి: ఎన్‌డీసీని (నేషనల్ డెమొక్రాటిక్ కాంగ్రెస్) స్థాపించినవాడు రాలింగ్స్, ఎన్‌పీపీ (న్యూ పేట్రియాటిక్ పార్టీ) తనను తాను డాంక్వా, బుసియాల వారసత్వంగా చెప్పుకుంటుంది. డాంక్వా జైలు మరణం చెబితే ఒక పార్టీకి, న్యాయమూర్తుల హత్య చెబితే ఇంకో పార్టీకి కోపం వస్తుంది; వాహనం నడిపే డ్రైవరు ఏ పార్టీ అభిమానో తెలియదని నవ్వుతూ అన్నాడు. ఇది అతిశయోక్తి కాదు. దేశ స్థాపకుల దినం ఎప్పుడు జరపాలన్నదే అక్కడ ఎన్నికల అంశం. 2009లో ఎన్‌డీసీ అధ్యక్షుడు మిల్స్ ఎన్‌క్రుమా పుట్టిన సెప్టెంబరు 21ని ఎంచుకున్నాడు. ఎన్‌పీపీ అధ్యక్షుడు నానా అకుఫో-అడో, బిగ్ సిక్స్‌లో ఒకరి కుమారుడు, 2019లో దానిని ఆగస్టు 4కు మార్చి, స్థాపకుడు ఒక్కడు కాదు పలువురు అన్నాడు. 1947లో డాంక్వా తదితరులు సాల్ట్‌పాండ్‌లో తమ పార్టీని ప్రారంభించిన రోజు అది. 2024 ఎన్నికలలో తిరిగి గెలిచిన ఎన్‌డీసీ నాయకుడు మహామా 2025లో సెప్టెంబరు 21నే పునరుద్ధరించాడు. ఇక ఎన్‌క్రుమాను దించి, మరుసటి ఏడాది ఇంకో తిరుగుబాటు యత్నంలో హతుడైన కొటోకా పేరునే 1969లో ఆక్రా విమానాశ్రయానికి పెట్టారు. దించినవాడి పేరుతో ఒక విమానాశ్రయం, దిగిపోయినవాడి పేరుతో ఒక స్మారక ఉద్యానం ఒకే నగరంలో ఉండడం మీద ఎన్‌క్రుమావాదులు ఏళ్ల తరబడి అభ్యంతరం చెబుతూ వచ్చారు. గైడు ఇబ్బంది నాకు అర్థమైంది. కానీ డబ్బు చెల్లించి వచ్చిన సందర్శకుడికి రెండు వాదనలూ చెప్పి, తీర్పు అతనికే వదిలేయడం అసాధ్యమేమీ కాదు. వాహనంలో నాకు అతను చేసినది సరిగ్గా అదే.

పార్లమెంటు భవనం దగ్గరికి వచ్చేసరికి మళ్లీ అతని గొంతులో ఉత్సాహం వచ్చింది. 2008 ఎన్నికల రెండో విడతలో మిల్స్, అకుఫో-అడోల మధ్య తేడా అర శాతం కంటే తక్కువ. చివరకు తెయిన్ అనే ఒక్క నియోజకవర్గంలో 2009 జనవరి 2న జరిగిన పోలింగ్‌తో అది తేలింది. మిల్స్ 2012 జూలైలో పదవిలో ఉండగా మరణిస్తే ఉపాధ్యక్షుడు మహామా కొద్ది గంటలలోనే ప్రమాణం చేశాడు. ఆ ఏడాది ఎన్నికల వివాదం సుప్రీంకోర్టుకు వెళితే, 2013లో ఆ విచారణను దేశమంతా టీవీలో చూసింది. 2020లో పార్లమెంటులో రెండు పార్టీలకూ సరిగ్గా 137 స్థానాలే వచ్చాయి. 2022 చివరలో విదేశీ అప్పు చెల్లింపులు ఆపేసి, ద్రవ్యోల్బణం 54 శాతం దాటి, 2023లో అంతర్జాతీయ ద్రవ్యనిధి నుంచి 300 కోట్ల డాలర్ల సహాయ కార్యక్రమానికి ఒప్పుకున్న ఎన్‌పీపీ ప్రభుత్వాన్ని 2024 డిసెంబరు 7న ఓటర్లు ఇంటికి పంపారు. అధికారిక ఫలితాలు రాకముందే, మరుసటి ఉదయమే, పాలక పార్టీ అభ్యర్థి బవుమియా ఓటమి ఒప్పుకున్నాడు. ఇది చెప్పేటప్పుడు గైడు ముఖంలో గర్వం దాచుకోలేదు, దాచుకోవలసిన అవసరమూ లేదు. ప్రభుత్వం తలపెట్టిన పెద్ద చర్చి, జాతీయ కేథడ్రల్ కోసం తవ్వి వదిలేసిన గొయ్యి పక్కగా వెళ్లినప్పుడు ఐదు కోట్ల డాలర్లకు పైగా ఖర్చయిందని చెప్పి, వ్యాఖ్యానం లేకుండా వదిలేశాడు; అతని మౌనం నాకు నచ్చిన ఒకే ఒక సందర్భం అది.

భారతీయులకు ఒక మాట. అధ్యక్ష కార్యాలయం జూబిలీ హౌస్‌ను భారత రుణంతో భారతీయ నిర్మాణ సంస్థ కట్టిందన్న విషయం గైడు మర్యాద కొద్దీ ప్రత్యేకంగా చెబుతాడు. 2016లో ఘనా విశ్వవిద్యాలయంలో ప్రణబ్ ముఖర్జీ ఆవిష్కరించిన గాంధీ విగ్రహాన్ని, దక్షిణాఫ్రికాలో నల్లవారి గురించి ఆయన రాసిన మాటలు ఎత్తిచూపిన అధ్యాపకుల ఆందోళన తరువాత 2018 డిసెంబరులో తొలగించిన విషయం మనం అడిగితేనే చెబుతాడు. అడగండి.

అయిదింటికి మూడున్నర నక్షత్రాలు ఇస్తాను. వలస కాలం, స్వాతంత్ర్యోద్యమం తెలుసుకోవాలనుకునేవారు నిశ్చింతగా వెళ్లవచ్చు. పిల్లలతో వెళ్లేవారికి జేమ్స్‌టౌన్ భాగం మరీ బాగుంటుంది. ఘనా రాజకీయాల కోసం వెళ్లేవారు మాత్రం బుక్ చేసుకునేటప్పుడే బ్లాక్ స్టార్ స్క్వేర్ సమయాన్ని తగ్గించి సుప్రీంకోర్టు స్మారకాన్ని చేర్చమని రాసి అడగాలి, వీలైతే వాహనంలో గైడు పక్క సీటులో కూర్చోవాలి. ఆదివారం వద్దు: ట్రాఫిక్ తక్కువే కానీ, గైడు అసలు విషయాలు మాట్లాడేది ట్రాఫిక్‌లోనే.